బటన్ నొక్కిన పిమ్మట: ఈవెంట్ హ్యాండ్లర్లను పరీక్షించు విధము

గ్రామ పంచాయతీ కార్యాలయములలో దస్త్రముల స్థానమును కంప్యూటరు తెర క్రమముగా ఆక్రమించుచున్నది. 2011లో ఆరంభమైన మీ సేవ కేంద్రముల ద్వారా ధ్రువపత్రములు పొందుట మన ప్రజలకు అలవాటైనది. పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను నమోదు చేయుటకు 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ్ స్వరాజ్ ప్రారంభింపబడినది. పింఛను దరఖాస్తు మొదలు పన్ను చెల్లింపు వరకు, ఏదో యొక తెరపై ఏదో యొక బటన్ నొక్కుటతోనే నేడు పెక్కు పనులు మొదలగుచున్నవి.

ఇట్టి సాఫ్ట్‌వేర్‌ను ప్రజలకు అందించుటకు ముందు, దానిని వాడబోవువారిలో కొందరిచేత వాడించి చూచుట ఆ వృత్తిలో స్థిరపడిన ఆచారము. ఆ కొందరిలో పంచాయతీ సభ్యులును, కార్యదర్శులును ఉండవచ్చును. అట్టి సమయమున "అంతయు బాగున్నది" అని సంతకము చేసి ఇంటికి వచ్చుట సులభము. తెర అందముగా నున్నది, అక్షరములు స్పష్టముగా నున్నవి, బటన్ నొక్కగా పని జరిగినది. ఇంక చూడవలసిన దేమున్నదని తోచును. చూడవలసినది చాల కలదు, కాని అది తెరపై కనబడదు. సాఫ్ట్‌వేర్ వృత్తిలోనివారు దానిని ఈవెంట్ హ్యాండ్లర్ అందురు. పరీక్షించువాని దృష్టితో దానిని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

కావలివానికి ఇచ్చిన ఉత్తరువు

వర్షకాలమున చెరువు గట్టుపై ఒక కావలివానిని నిలిపితిమనుకొందము. "నీరు ఈ రాతి గుర్తును తాకిన వెంటనే వచ్చి సర్పంచి గారికి తెలియజేయుము" అని అతనికి ఉత్తరువు. నీరు గుర్తును తాకుట ఒక సంఘటన. దానినే ఈవెంట్ అందురు. కావలివానికి ఇచ్చిన ఉత్తరువే హ్యాండ్లర్. నీరు తాకనంతవరకు అతడు ఊరక కూర్చుండును. తాకిన క్షణమున లేచును.

కంప్యూటరులోను ఇంతే. పూర్వపు ప్రోగ్రాములు పెక్కు ఒక కొసనుండి మరియొక కొసకు వరుసగా నడచి ఆగిపోయెడివి. తెర, మౌస్ వచ్చిన పిదప ఆ పద్ధతి చాలలేదు. మనిషి ఎప్పుడు దేనిని నొక్కునో ముందుగా చెప్పజాలము గనుక ప్రోగ్రాము కాచుకొని యుండవలసి వచ్చినది. బటన్ నొక్కుట, పెట్టెలో అక్షరము చేరుట, ఒక పెట్టెను విడిచి మరియొక పెట్టెకు పోవుట, దూరపు కంప్యూటరునుండి సమాధానము వచ్చుట, కడకు నిర్ణీత కాలము గడచుట కూడ సంఘటనలే. ప్రోగ్రాము పట్టించుకొనవలసిన ప్రతి సంఘటనకును ఒక హ్యాండ్లరు తగిలింపబడి యుండును. వెబ్ పుటలకు ఈ శక్తి నిచ్చిన జావాస్క్రిప్ట్ భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించెను. నేడు మనము వెబ్ పుటలపై నింపు దరఖాస్తులలో బటన్ వెనుక సాధారణముగా పనిచేయునది ఆ భాషయే.

ఈ ఏర్పాటులో తప్పు ఎక్కడ దూరునో కావలివానినిబట్టియే ఊహింపవచ్చును. అతనిని అసలు నియమింపకపోవచ్చును. నియమించినను వేరొక చెరువు గట్టున నిలిపి యుండవచ్చును. ఒకడు చాలిన చోట ఇద్దరిని నిలిపినచో ఇద్దరును వచ్చి తలుపు తట్టుదురు. ఒకడు వార్త తెచ్చుచుండగా నీరు మరియొక గుర్తును దాటవచ్చును. ఆ సమయమున గట్టుపై ఎవరును లేరు. వీనిలో మొదటి లోపమును పట్టుటకు పరీక్ష అక్కరలేదు. బటన్ నొక్కినను ఏమియు జరుగదు, ఎవరైనను చెప్పుదురు. తక్కినవే చిక్కు.

రెండు మారులు నొక్కు చేయి

సిగ్నలు బలహీనముగా నున్న ఊరిలో ఒక రైతు 1,000 రూపాయల పన్ను ఫోను ద్వారా చెల్లింపబోవుచున్నాడనుకొనుడు. బటన్ నొక్కెను. తెర కదలలేదు. కొంత తడవు చూచి మరల నొక్కెను. మొదటి నొక్కు వృథా కాలేదు, అది ఇంకను దారిలో నున్నది. హ్యాండ్లరు రెండు మారులు నడచినది, రెండు చెల్లింపులు బయలుదేరినవి. తప్పు ఆ రైతుది కాదు. తెర కదలనిచో మనిషి మరల నొక్కుననునది అందరెరిగిన సంగతియే. ఎరిగియు దానికి ఏర్పాటు చేయని ప్రోగ్రాముదే తప్పు.

ఆ ఏర్పాటు రెండు చోట్ల నుండవలెను. తెరపై, మొదటి నొక్కుతోనే బటన్‌ను నిలిపివేసి, పంపుచున్నామని తెలుపవలెను. అవతలి కంప్యూటరులో, ప్రతి దరఖాస్తునకు ఒక ప్రత్యేక సంఖ్య యుండి, అదే సంఖ్యతో రెండవది వచ్చినచో దానిని కొత్తదిగా నెంచక మొదటి దాని ఫలితమునే తిరిగి చెప్పవలెను. మా అభిప్రాయమున ఈ రెండవదే ముఖ్యము. తెరపై ఎంత జాగ్రత్త యున్నను, సిగ్నలు తెగి మనిషి పుటను మొదటినుండి తెరచినచో ఆ జాగ్రత్త తుడిచిపెట్టుకొని పోవును.

కనుక పరీక్షకై ప్రత్యేకించిన ఖాతాతో, నిజమైన ధనము ప్రమేయము లేకుండ, రెండింటిని వేరు వేరుగా చూడవలెను. మొదట వేగముగా రెండు మారులు నొక్కుడు. పిదప మరియొక దరఖాస్తు నింపి, నొక్కిన వెంటనే ఫోనులోని డేటాను ఆపి, ఒక నిమిషమునకు తెరచి, మరల నొక్కుడు. తెరపై వచ్చిన సందేశమును నమ్మి ఊరుకొనక, పద్దుల పట్టికలో ఎన్ని చేరినవో లెక్కింపుడు. తెర ఒక్క చెల్లింపునే చూపి, పట్టికలో రెండు పడియుండుట కలదు.

ఇద్దరు కావలివారి సంగతి దీనికి కొంత భిన్నము. అందు మనిషి ఒక్క మారే నొక్కును గాని హ్యాండ్లరే రెండు మారులు తగిలింపబడి యుండును. పుట తెరచిన ప్రతి పర్యాయము ఒక కావలివానిని నియమించి, విడిచినపుడు అతనిని తొలగింప మరచుటవలన ఇది సంభవించును. అందుచేత మొదటి దరఖాస్తు సరిగా పోవును. వెనుకకు వచ్చి రెండవది పెట్టగా రెండు ప్రతులు పోవును, మూడవ దానికి మూడు పోవును. ఒక్క దరఖాస్తుతో పరీక్ష ముగించినవారికి ఈ లోపము ఎన్నటికిని దొరకదు. ఒకే పనిని, మధ్యలో ప్రోగ్రామును మూయకుండ, నాలుగైదు మారులు చేయుటయే దీనికి పరీక్ష.

నొక్కినను పడని నొక్కు

"మొదటి మారు నొక్కిన జరుగదు, రెండవ మారు నొక్కిన జరుగును" అను ఫిర్యాదు కంప్యూటరు కార్యాలయములలో తరచుగా వినబడును. వినువారు పెక్కురు దీనిని నొక్కినవాని చేతకానితనముగా కొట్టివేయుదురు. కారణము తెలిసినచో అట్లు కొట్టివేయరు.

మౌస్‌తో బటన్ నొక్కుట మనకు ఒక్క పనిగా తోచును. కంప్యూటరునకు అది మూడు సంఘటనలు: మౌస్ మీట క్రిందికి దిగుట, పైకి లేచుట, ఆ రెండును ఒకే బటన్‌పై జరిగినందున క్లిక్ ఏర్పడుట. ఇప్పుడు ఒకడు ఆధార్ సంఖ్యలో 12 అంకెలకు బదులు 11 అంకెలే వ్రాసెననుకొందము. పెట్టె క్రింద ఎఱ్ఱ అక్షరములతో తప్పును సూచించు పంక్తి వచ్చినది. దానికి చోటిచ్చుటకై సమర్పించు బటన్ కొంచెము క్రిందికి జరిగినది. అతడు పెట్టెలోనికి పోయి విడిచిన అంకెను చేర్చి, తిన్నగా బటన్‌పై మౌస్ నొక్కెను. మీట దిగుటతోనే పెట్టెను విడిచిన సంఘటన జరిగినది. దాని హ్యాండ్లరు సంఖ్య సరిగా నున్నదని గ్రహించి ఎఱ్ఱ పంక్తిని తీసివేసినది. పంక్తి పోగానే బటన్ పైకి జరిగినది. మీట పైకి లేచునప్పటికి క్రింద ఉన్నది ఖాళీ స్థలము. దిగిన చోటు ఒకటి, లేచిన చోటు వేరొకటి గనుక బటన్‌కు క్లిక్ చేరలేదు. రెండవ మారు నొక్కగా కదలునది ఏదియు లేదు, పని జరిగినది.

ఇందు ఏ హ్యాండ్లరును తనంత తాను తప్పు చేయలేదు. రెండు సంఘటనల నడుమ తగవు వచ్చినది. తప్పు లేకుండ దరఖాస్తు నింపి పరీక్షించువాడు దీనిని చూడజాలడు. కావాలని తప్పు వ్రాసి, దిద్ది, దిద్దిన చేతితోనే బటన్ నొక్కి చూడవలెను.

ఇట్టిదే మరియొకటి క్లుప్తముగా చెప్పుదుము. పుటపై జరిగిన సంఘటన జరిగిన చోటనే ఆగక, వార్డు సభ్యునికి ఇచ్చిన అర్జీ సర్పంచికి, అటుపై మండలమునకు పోయినట్లు, లోపలి వస్తువునుండి దానిని చుట్టియున్న వస్తువునకు ప్రాకుచుండును. 2000 నవంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రకటించిన ప్రమాణములో ఈ పద్ధతి నిర్వచింపబడినది. లబ్ధిదారుల పట్టికలో వరుసను నొక్కిన వివరములు తెరచుకొనునట్లును, అదే వరుసలోని చిన్న బటన్ నొక్కిన పేరు తొలగునట్లును ఏర్పాటున్నచో, చిన్న బటన్ నొక్కినపుడు రెండును జరుగు ప్రమాదము కలదు. బటన్ లోపల బటన్ ఉన్న ప్రతి చోటను దీనిని చూడవలెను.

తెలుగు అక్షరములు

ఇచట మన భాషకు ప్రత్యేకముగా వర్తించు చిక్కు ఒకటి కలదు. ఒక పెట్టెలో పేరు వ్రాయబడినదా లేదా అని తెలిసికొనుటకు కొందరు ప్రోగ్రామర్లు "మీట నొక్కబడినది" అను సంఘటనకు హ్యాండ్లరు తగిలింతురు. ఆంగ్లము టైపు చేయు కంప్యూటరుపై అది చక్కగా నడచును. కాని ఆండ్రాయిడ్ ఫోనులో తెరపైని కీబోర్డుతో వ్రాయునపుడు, ఏ మీట నొక్కినను 229 అను ఒకే సంఖ్య ప్రోగ్రామునకు అందుట సాధారణము. నోటితో చెప్పి వ్రాయించినచో నిజమైన మీట ఏదియు నొక్కబడదు. వేరొక చోటినుండి పేరును తెచ్చి అతికించినను అంతే. కన్నులకు పెట్టెలో పేరు కనబడుచునే యుండును. ప్రోగ్రాము మాత్రము "పేరు వ్రాయుడు" అని మొండికెత్తును. ఇది వేరొక చెరువు గట్టున కావలివానిని నిలిపినట్టిది. పెట్టెలోని విషయము మారినది అను సంఘటనకు హ్యాండ్లరు తగిలించుట సరియైన మార్గము.

అక్షరముల లెక్క మరియొకటి. "శ్రీలక్ష్మి" అను పేరు మన కన్నులకు మూడక్షరములు. కంప్యూటరులో "శ్రీ" నాలుగు సంకేతములుగా, "ల" ఒకటిగా, "క్ష్మి" ఆరుగా నిలువ చేయబడును, మొత్తము 11. పెట్టెలో 20 మించరాదని నియమము పెట్టినవాడు ఆంగ్లాక్షరములను తలచుకొని పెట్టి యుండవచ్చును. ఇంటిపేరుతో సహా వ్రాయు నొక స్త్రీ పేరు నడుమ తెగిపోయి, రేషను కార్డులోని పేరుతో సరిపోలక, ఆమె దరఖాస్తు తిరస్కరింపబడినచో, ఆ తిరస్కారమునకు కారణము హ్యాండ్లరులోని ఒక అంకె అని ఆమెకు చెప్పగలవా రెవరు? పరీక్షించువారు ఊరిలోని నిడుపాటి పేర్లను, వత్తులు గల పేర్లను ఏరి, టైపు చేసియు, అతికించియు, నోటితో చెప్పియు మూడు విధముల వ్రాసి చూడవలెను.

చూపు లేని వారి సంగతి కూడ ఇచటనే చెప్పవలెను. మౌస్ క్లిక్కునకు మాత్రమే హ్యాండ్లరు తగిలించి, ట్యాబ్, ఎంటర్ మీటలతో పనిచేయనట్లు బొమ్మ బటన్లు నిర్మించుట చెడ్డ అలవాటు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి సేవలు వారికి అందుబాటులో నుండవలెనని చెప్పుచున్నది. ఆండ్రాయిడ్ ఫోనులోని టాక్‌బ్యాక్‌ను తెరచి, కన్నులు మూసికొని, ఒక దరఖాస్తు నింపి చూచినచో తక్కినది తెలియును.

టైలర్ పట్టణమున జరిగినది

ఇట్టి లోపములు కాలమునకు, ధనమునకు మాత్రమే నష్టము తెచ్చునని తలంపరాదు. థెరాక్-25 అనునది కెనడా దేశపు ప్రభుత్వ అణుశక్తి సంస్థ నిర్మించిన, కాన్సరు రోగులకు కిరణ చికిత్స చేయు యంత్రము. దాని ప్రోగ్రాము నేటి వెబ్ పుటలవంటిది కాదు. అయినను అందలి లోపము మనము చెప్పుకొనుచున్న కోవకు చెందినదే. 1985 జూను మొదలు 1987 జనవరి వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు ఆ యంత్రము మితిమీరిన మోతాదును ప్రసరింపజేసినది. వారిలో కనీసము ముగ్గురు ఆ కారణమున మరణించిరి.

టెక్సాస్ రాష్ట్రమందలి టైలర్ పట్టణపు కాన్సరు కేంద్రములో 1986 మార్చి 21న ఒక రోగికి ఎలక్ట్రాన్ చికిత్స చేయవలసి యుండెను. ఆపరేటరు అలవాటు చొప్పున ఎక్స్-కిరణములకు గుర్తైన అక్షరమును టైపు చేసి, తప్పు గ్రహించి, బాణపు మీటతో పైకి పోయి దానిని దిద్ది, మరల చివరి పంక్తికి వచ్చినది. ఆమె ఈ పనిలో ఆరితేరినది, కావున ఇదంతయు కొలది క్షణములలో ముగిసినది. తెరపై దిద్దుబాటు సరిగానే కనబడినది. చికిత్స మొదలు పెట్టగా యంత్రము ఆగి, "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రము చూపినది. ఆ యంత్రము ఇట్లు ఊరక ఆగుట నిత్యము జరుగునదే గనుక ఆమె కొనసాగించు మీట నొక్కినది. వైద్యులు నిర్ణయించిన మోతాదు 180 రాడ్లు. రోగికి తగిలినది 16,500 రాడ్లకు పైబడియుండునని తరువాత అంచనా వేసిరి.

నిర్మాతల ఇంజనీర్లు వచ్చి పరీక్షించిరి. వారి చేతిలో లోపము మరల రాలేదు. ఏప్రిల్ 7న యంత్రమును తిరిగి వాడుకలో పెట్టిరి. ఏప్రిల్ 11న అదే ఆపరేటరు, అదే తప్పు, అదే దిద్దుబాటు, తెరపై అదే 54. ఆ రెండవ రోగి మే నెల మొదటి తేదీన మరణించెను.

అప్పుడు ఆసుపత్రి భౌతిక శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేగర్ ఆపరేటరును కూర్చుండబెట్టుకొని, ఆమె చేసిన పనిని చేసినట్లు మరల మరల చేయించెను. రహస్యము ఆమె వేగములో నున్నదని తేలెను. చివరి పంక్తికి చేరుటతోనే ప్రోగ్రాము వివరములన్నియు పూర్తియైనవని భావించి, లోపలి అయస్కాంతములను సరిచేయ మొదలిడును. అందుకు సుమారు 8 సెకండ్లు పట్టును. ఆ 8 సెకండ్లలో పైకి పోయి దిద్ది క్రిందికి వచ్చినచో ఆ దిద్దుబాటు తెరకు అందును గాని యంత్రమును నడుపు భాగమునకు అందదు. కావలివాడు వార్త మోసికొని పోవుచుండగా గట్టుపై ఎవరును లేని సంగతి ఇదియే. ఇంజనీర్లు నెమ్మదిగా, జాగ్రత్తగా టైపు చేసిరి గనుక వారికి లోపము కనబడలేదు.

నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ అను పరిశోధకులు 1993లో ఈ ప్రమాదములపై సవివరమైన నివేదిక ప్రకటించిరి. అందు మరియొక సంగతి కలదు. దీనికి ముందు నమూనా యైన థెరాక్-20 ప్రోగ్రాములోను ఈ లోపమే యుండెను. చికాగోలో కొత్త విద్యార్థులు వచ్చి తోచినట్లు మీటలు నొక్కు దినములలో ఆ యంత్రపు ఫ్యూజులు పోవుచుండెడివట. ఎవరికిని హాని కలుగలేదు. ఏలయన ప్రోగ్రాముతో సంబంధము లేకుండ ప్రమాదమును అడ్డగించు విద్యుత్ ఏర్పాటు అందు వేరుగా నుండెను. కొత్త నమూనాలో ఆ అడ్డును తీసివేసి అంతయు ప్రోగ్రామునకే అప్పగించిరి. పన్ను చెల్లింపు విషయములో అవతలి కంప్యూటరున కూడ రక్షణ యుండవలెనని మేము పైన పట్టుపట్టుట ఇందువలననే.

కనుక పరీక్షకు ఎవరిని కూర్చుండబెట్టవలెనను ప్రశ్న చిన్నది కాదు. దినమునకు పదుల కొలది దరఖాస్తులు ఎక్కించి చేయి తిరిగిన ఉద్యోగి ఒకరు, ఫోను కొత్తగా పట్టిన వృద్ధుడో వృద్ధురాలో ఒకరు తప్పక ఉండవలెను. మొదటివారి వేగము, రెండవవారి తడబాటు, ఈ రెండును ఇంజనీరు తన గదిలో కూర్చుండి కల్పించుకొనలేని సంఘటనలు.

లోపము దొరికినపుడు దానిని వ్రాయు తీరు

"బటన్ పనిచేయలేదు" అను చీటీ ఎవరికిని ఉపయోగపడదు. ఏ పుట, ఏ ఫోను, సిగ్నలు ఎట్లున్నది, దానికి ముందు ఏమేమి చేసితిమి, ఎంత వేగముగా చేసితిమి, ఏమి జరుగునని తలచితిమి, ఏమి జరిగినది అని వరుసగా వ్రాయవలెను. ఉదాహరణకు: "ఆధార్ పెట్టెలో ముందు 11 అంకెలు వ్రాసితిని. ఎఱ్ఱ పంక్తి వచ్చినది. 12వ అంకె చేర్చి, పెట్టెనుండి తిన్నగా వచ్చి మౌస్‌తో సమర్పించు బటన్ నొక్కితిని. మొదటి నొక్కు పడలేదు, పంక్తి పోయినది. రెండవ నొక్కు పడినది. ఉదయము 11 గంటల 20 నిమిషములు. మూడు మారులు చేయగా మూడు మారులును ఇట్లే జరిగినది." ఈ ఆరేడు వాక్యములు చేతికందిన ప్రోగ్రామరు లోపము నున్న చోటికి తిన్నగా పోగలడు. ఒక్క మారే జరిగి మరల జరుగనిచో ఆ సంగతియు దాచక వ్రాయవలెను. టైలర్‌లో మొదట జరిగినది అట్టిదే.

దిద్దిన ప్రోగ్రాము తిరిగి వచ్చినపుడు అవే పనులను అదే వరుసలో మరల చేసి చూచి, ఆ వరుసల కాగితమును పంచాయతీ దస్త్రములో ఉంచుకొనవలెను. ఆ ప్రోగ్రాము మారిన ప్రతి పర్యాయము అది మరల పనికి వచ్చును.